రెండు నోళ్ళ క్యాన్

హనుమయ్య మేస్త్రీ తెల్ల చొక్కా వేసుకుని లారీలు బాగుచేస్తాడు. అంటే ఆయన బాగుచేయడని అర్థం. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు షెడ్డు నడిపిన మనిషి చొక్కా మీద ఒక్క మరక లేదంటే, ఆ ముప్పై ఏళ్ళూ వేలు చూపించి పని చేయించాడన్నమాట.

నేను ఆ షెడ్డుకి మొదటిసారి వెళ్ళేసరికి మా పెళ్ళై నలభై రోజులు. ఆ నలభై రోజుల్లో నాకు నచ్చనిదంటూ లేదు. భవానీపురంలో మా రెండు గదుల ఇల్లు, మేడ మీదికెక్కితే కనబడే కృష్ణానది, మా అత్తగారు అమలమ్మ గారు చేసే చింతచిగురు పప్పు, ఆరోన్ లారీ, ఆ లారీ హారన్ చివర వచ్చే చిన్న ఎక్కిలి, అన్నీ నచ్చాయి. హనుమయ్య ఒక్కడే నచ్చలేదు.

ఆరోన్ నా భర్త. వాళ్ళ నాన్న నడిపిన మినీ లారీనే ఇప్పుడు తను నడుపుతున్నాడు. ప్రతి సోమవారం పెడనలో నేతగాళ్ళ దగ్గర తెల్లబట్ట తానులు ఎక్కించుకుని, కంకిపాడులో వెంకటప్పయ్య గారి గోడౌన్‌లో దింపుతాడు. బండికున్న ఖాయమైన లోడు అదొక్కటే. వెంకటప్పయ్య గారు బట్టను కళ్ళతో చూడరు, ముక్కుతో చూస్తారు. తాను మడత విప్పి, కళ్ళు మూసుకుని, వాసన పీలుస్తారు. గంజి వాసన రావాలి. కిందటి సోమవారం మళ్ళీ ఇంజన్ ఆయిల్ వాసన వచ్చింది.

"ఏమయ్యా ఆరోనూ, ఈ బట్ట మీద అద్దకం పడాలి. జిడ్డు తగిలిన చోట రంగు పట్టదు. మీ నాన్న ముఖం చూసి మూడుసార్లు ఊరుకున్నా. వచ్చే సోమవారం కూడా ఇదే వాసనొస్తే, వేరే బండి మాట్లాడుకుంటా. ఏమీ అనుకోమాక" అన్నారట.

ఆ వాసన ఎక్కడిదో నేను కనిపెట్టాను. ఇంజను తిరిగేటప్పుడు కాలిన గాలి కొంత పిస్టన్ల పక్కనుంచి కిందికి జారి, ఆయిల్ ఆవిరిని వెంటేసుకుని బ్రీదర్ పైపులోంచి బయటికొస్తుంది. కంపెనీ వాళ్ళు ఆ పైపును ఇంజను గాలి పీల్చే గొట్టానికే కలిపి ఇస్తారు. వదిలిన ఆవిరిని ఇంజనే మళ్ళీ మింగుతుంది. మింగి మింగి గొట్టం జిడ్డవుతుంది. రెండేళ్ళ కిందట ఆ జిడ్డు చూసిన హనుమయ్య, పైపు ఊడబీకించి నేలమీదికి వేలాడేయించాడు. గొట్టం శుభ్రమైంది. ఆవిరి మాత్రం బాడీ చెక్కల సందుల్లోంచి పైకొచ్చి వెంకటప్పయ్య గారి తానుల్లో కూర్చుంది. ఇంట్లో చెత్త పక్కింటి గుమ్మంలో పోసి, ఊడ్చేశానని చెప్పుకోవడం లాంటి పని ఇది. దానికాయన పెట్టుకున్న పేరు అనుభవం.

ఇలాంటి వాటికోసం ఆయిల్ క్యాచ్ క్యాన్ అని ఒకటుంది. పచ్చడి సీసా అంత అల్యూమినియం డబ్బా. పైన రెండు మూతులు, అడుగున చిన్న కుళాయి. ఇంజను నుంచి ఆవిరి మొదటి మూతిలోంచి లోపలికొస్తుంది. లోపలున్న స్టీలు పీచుకి తగిలి చల్లబడి, ఆయిల్ చుక్కలై అడుక్కి దిగుతుంది. మిగిలిన గాలి రెండో మూతిలోంచి ఇంజను గాలి పీల్చే గొట్టానికి వెళ్తుంది. బీఎస్సీ కెమిస్ట్రీలో మూడేళ్ళు కండెన్సర్ల ముందు నిలబడ్డదాన్ని కదా, చూడగానే ముద్దొచ్చింది. కొరియర్‌లో వచ్చిన రోజు దాన్ని దిండు పక్కనే పెట్టుకున్నాను.

"మనిద్దరి మధ్యలో ఈయనెవరు?" అన్నాడు ఆరోన్.

ఇంటి ముందే బిగించుకుందామన్నాను. ఆరోన్ వినలేదు. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి ఆ బండి మీద చెయ్యి పడాలంటే, తను బాబాయని పిలిచే హనుమయ్యకి చెప్పాల్సిందే. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, షెడ్డుకి వెళ్ళాం.

హనుమయ్య ఆ డబ్బాను రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలకను చూసినట్టు చూశాడు.

"ఏంట్రా ఇది?"

"క్యాచ్ క్యాన్ బాబాయ్."

"క్యాన్ అంటావ్, రెండు నోళ్ళేంట్రా? పాల క్యాన్‌కి ఎన్ని నోళ్ళు? ఒకటి. వాటర్ క్యాన్‌కి? ఒకటి. రెండు నోళ్ళుంటే అది క్యాన్ కాదు, ఆడపడుచు!"

షెడ్డులో అందరూ నవ్వారు. అక్కడ ఆయన జోకులకి నవ్వడం కూడా డ్యూటీయే.

"ఒకటి లోపలికి రావడానికండీ, ఇంకోటి బయటికి పోవడానికి" అన్నాను.

ఆయన నన్నప్పుడే చూసినట్టు తల తిప్పాడు. "నువ్వేం చదివావమ్మాయ్?"

"కెమిస్ట్రీ అండీ."

"ఆహా. ఇంజనుకి ఉమ్మితొట్టి కట్టమని అందులో రాశారా?"

మళ్ళీ నవ్వులు. పైపు తనే ఇస్తానని లోపల్నుంచి ఆకుపచ్చ గొట్టం తెప్పించాడు, వాళ్ళింట్లో మొక్కలకి కొనగా మిగిలిందట. వేడి ఆయిల్ ఆవిరికి అది నూనెలో అప్పడంలా ముడుచుకుపోతుంది. ఆయిల్‌కి ఆగే నల్ల రబ్బరు గొట్టం మేం తెచ్చుకున్నామని చెప్పాను. "చదువుకున్నోళ్ళు కదా" అని ఆ పచ్చ గొట్టాన్ని జాలిగా చుట్టి పక్కన పెట్టాడు. జాలి గొట్టం మీదో మా మీదో తెలియలేదు.

పనికి అడ్డమని నా పెళ్ళి గాజులు తీసి గేర్ రాడ్డుకి తగిలించాను. ఆరోన్ బండి కిందికి దూరాడు. టర్బో వేడికి దూరంగా, క్యాబిన్ వెనక గాలి తగిలే చోట కమ్మీకి డబ్బాను బిగించాం. గొట్టాల మధ్యలో పొట్ట పడకుండా, ఆయిల్ నిలవకుండా, వాలుగా నడిపించాం. క్లిప్పులు నేనే బిగించాను. స్క్రూ చివరి తిప్పుకి వచ్చే ఆ కిర్రు శబ్దం ఎంత బాగుందో! ఆరోన్ కిందినుంచి "చాలు జెస్సీ, గొట్టం తెగుద్ది" అంటున్నా ఇంకో పావు తిప్పు తిప్పాను. ఇంజను స్టార్ట్ చేస్తే గేర్ రాడ్డు మీద గాజులు గలగలలాడాయి.

అంతా అయ్యాక హనుమయ్య లేచి వచ్చాడు. "మీరెళ్ళి టీ తాగి రండి. నేనోసారి చూస్తా."

ఆరోన్ ముఖం వెలిగిపోయింది. బాబాయి మెత్తబడ్డాడనుకున్నాడు. మేం రోడ్డు మలుపులో వేడి వేడి పునుగులు ఒకే పొట్లంలో తింటూ, చివరి పునుగు నీకంటే నీకని కొట్టుకుంటూ అరగంట గడిపాం. ఆ అరగంట గురించి ఇప్పటికీ నాకు బాధ లేదు, పునుగులు అంత బాగున్నాయి.

సోమవారం పొద్దున హనుమయ్య కూడా మాతో బండెక్కాడు. పెడనలో వాళ్ళ తోడల్లుడింట్లో గృహప్రవేశమట. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో తెల్ల చేతిరుమాలు. ఖాళీ బండిలో మెల్లగా వెళ్ళాం. మేం తానులు ఎక్కించి, పట్టా కట్టి, బూరెలు తిని వచ్చిన ఆయన్ని ఎక్కించుకుని బయల్దేరాం. పామర్రు దాకా ఆయన చెప్పిందంతా తను బాగుచేసిన బండ్ల గురించే. విన్నంతసేపూ ఆ బండ్ల మీద నాకు సానుభూతి కలిగింది.

ఉయ్యూరు దాటాక, చెరుకు ట్రాక్టర్లను దాటడానికి ఆరోన్ వేగం పెంచాడు. క్యాబిన్‌లో మా సీట్ల మధ్యనున్న ఇంజను మూత కింద ఠప్పుమంది. సందుల్లోంచి నీలంగా పొగ లేచింది. ఆయిల్ వాసన.

ఆరోన్ బండి పక్కకి తీశాడు. వెనక తానులున్నాయి, పది కిలోమీటర్ల అవతల వెంకటప్పయ్య గారి ముక్కుంది.

"ఇంజను ఆపండి" అన్నాను.

"ఆపమాక! నడుస్తుంటేనే తెలుస్తది. మీకు తెలీదు, జరగండి" అంటూ హనుమయ్య మూత ఎత్తాడు. ముప్పై ఏళ్ళలో ఆయన స్వయంగా చెయ్యి పెట్టిన పని బహుశా అదే. ఆయిల్ కొలిచే పుల్ల దాని గొట్టంలోంచి సగం పైకి తన్నుకొచ్చి ఉంది. మిగతా సగం ఆయన ముఖం ముందే ఎగిరింది. వెనకే నల్లటి ఆయిల్, మెడ నుంచి బొడ్డు దాకా.

ఆరోన్ ఇంజను ఆపేశాడు. నేను దిగి క్యాన్ దగ్గరికి పరుగెత్తాను. రెండో మూతి నుంచి వెళ్ళే గొట్టాన్ని నొక్కితే లోపల రాయిలా తగిలింది. క్లిప్పు విప్పి లాగాను. సైకిల్ ట్యూబు చుట్టిన చెక్క బిరడా ఊడి నా చేతిలో పడింది.

"ఇదేంటి బాబాయ్?" అన్నాడు ఆరోన్.

"నేనే పెట్టించా" అన్నాడు హనుమయ్య, గడ్డం మీద ఆయిల్ తుడుచుకుంటూ. "క్యాన్ అన్నాక ఒకటే నోరుండాలి. రెండోది తెరిచుంటే పట్టుకున్న ఆయిలంతా మళ్ళీ ఇంజన్లోకే పోదా? మీకు తెలీక వదిలేశారు, నేను మూయించా. మీ మంచికే."

మూసిన పాత్రను వేడి చేయకూడదు. మొదటేడాది మొదటి ప్రాక్టికల్లో, అగ్గిపుల్ల గీయకముందే చెప్పే మాట ఇది. బయటికి దారి లేని ఆవిరి ఇంజను నిండా ఉబ్బి, దొరికిన చిన్న సందులోంచి పుల్లను తన్నేసింది. పాల క్యాన్లో పాలు ఊరికే కూర్చుంటాయి, ఇంజను ఊరికే కూర్చోదు అని చెప్దామనుకున్నాను. చెప్పలేదు. ఆ చొక్కా నాకంటే బాగా చెబుతోంది.

బిరడా పారేసి గొట్టం బిగించాను. ఆరోన్ పుల్లను వెతికి తుడిచి పెట్టి, బండిలో ఉన్న ఆయిల్ పోశాడు. ఒలికినదంతా పాత చీరగుడ్డతో తుడిచాం. స్టార్ట్ చేస్తే పుల్ల కదల్లేదు. గాజులు నిన్నటిలాగే గలగలలాడాయి. పట్టా విప్పి చూసే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేకపోయింది.

గోడౌన్ ముందు వెంకటప్పయ్య గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మొదటి తాను దింపించి, మడత విప్పి, కళ్ళు మూసుకున్నారు. నేను ఆరోన్ చెయ్యి పట్టుకున్నాను.

ఆయన ముక్కుపుటాలు అదిరాయి.

"ఆరోనూ." కళ్ళు తెరిచారు. "ఏం చెప్పానయ్యా నీకు? ఇంకా ఎక్కువైంది!"

అప్పుడు చూశాను. వెంకటప్పయ్య గారి కుర్చీ వెనకే, జానెడు దూరంలో నిలబడి, తాను వైపు మెడ సాచి చూస్తున్నాడు హనుమయ్య.

"అది బండి వాసన కాదండీ" అన్నాను. "మేస్త్రీ గారి వాసన."

వెంకటప్పయ్య గారు వెనక్కి తిరిగి, ఆ చొక్కాను పైనుంచి కిందిదాకా చూశారు. "ఎవరయ్యా నువ్వు? ఆయిల్ డ్రమ్ములో పడ్డావా?"

"నేను... బండి బాగుచేసే..."

"బండే నిన్ను బాగుచేసినట్టుందే! జరుగు. ఇంకా. ఆ కరెంటు స్తంభం దగ్గరికి పో."

ముప్పై ఏళ్ళ అనుభవం ముప్పై అడుగులు నడిచి స్తంభం పక్కన నిలబడింది. వెంకటప్పయ్య గారు ఇంకో తాను తెప్పించారు, బాడీ అడుగున చెక్కలకి ఆనుకుని ఉన్నది. విప్పారు. పీల్చారు. మళ్ళీ పీల్చారు.

"గంజి" అన్నారు.

తర్వాత ఇంకో నాలుగు తానులు చూశారు. అన్నీ గంజే. "సరే, వచ్చే సోమవారం పెందలాడే బయల్దేరు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆరోన్ అందరి ముందూ నన్ను ఎత్తుకోబోయి, హమాలీలను చూసి ఆగిపోయాడు. ఆగకపోయినా నేనేం అనుకునేదాన్ని కాదు.

హనుమయ్యను క్యాబిన్‌లో ఎక్కించుకోలేదు. ఖాళీ బాడీలో కూర్చోబెట్టి తీసుకొచ్చాం. ఆరోన్ పక్క సీటు నాది.

వారం తర్వాత క్యాన్ అడుగున కుళాయి తిప్పితే టీ గ్లాసులో సగానికి కాఫీ రంగు జిడ్డు దిగింది. ఇన్నాళ్ళూ ఇదంతా తెల్లబట్టలోకి వెళ్ళింది కదా అని, ఇప్పుడు వెళ్ళట్లేదు కదా అని, దాన్ని చూస్తూ ఎంతసేపు మురిసిపోయానో! అమలమ్మ గారు వంటింట్లోంచి "ఆ గ్లాసు మళ్ళీ నా సింకులో పెట్టమాక!" అని కేకేశారు.

మొన్న ఆటోనగర్ వెళ్ళాం. హనుమయ్య కొత్త తెల్ల చొక్కాలో ఉన్నాడు. ఎవరో డ్రైవరుకి, చేతిలో లేని డబ్బాను గాలిలో చూపిస్తూ చెబుతున్నాడు.

"క్యాన్ అన్నాక రెండు నోళ్ళుండాల్రా! ఒకటి మూశావో, చచ్చావే. ఇది నేను స్వయంగా ట్రయల్ వేసి కనిపెట్టింది."

మమ్మల్ని చూసి కూడా ఆగలేదు. ఆయనకున్నదీ ఒకటే నోరు. దానికి బిరడా పెట్టే మేస్త్రీ మాత్రం ఆటోనగర్ మొత్తంలో లేడు.