శ్రీ పక్కన మెట్టు

ధనత్రయోదశి ఇంకా మూడు రోజులుందనగా నగల దుకాణం వాళ్ళు వెండి లక్ష్మీ బిళ్ళలన్నీ తిప్పి పంపారు. బిళ్ళ మీద 'శ్రీ' రెండుగా పడింది. అమ్మవారి పేరే చెదిరిపోతే ఎవరు కొంటారని వాళ్ళ మాట.

సికింద్రాబాద్ కార్ఖానా ఏరియాలోని ఆ చిన్న వర్క్‌షాపులో బిళ్ళలు కొట్టే ప్రెస్సు నడిపేది పర్వతాలు. ఇరవై రెండేళ్ళుగా ఆయన తప్ప ఇంకొకరు దాన్ని ముట్టలేదు. బొమ్మ పడే ఉక్కు అచ్చును, వాళ్ళు డై అనేదాన్ని, తయారుచేసేది రిచర్డ్. యజమాని విశ్వతేజ ఇద్దరికీ కొడుకంతవాడు. ట్రే తెచ్చి బల్ల మీద ధన్‌మని పెట్టాడు.

"డైల తప్పా, మిషన్ల తప్పా? సాయంత్రంకల్లా తేలాలె. ఎవరిదైతే వాళ్ళు రేపటి సంది రావొద్దు."

రిచర్డ్ వైపు తిరిగాడు.

"నాకైతే డైనే అనిపిస్తుంది. నమ్మకం లేని చేత్తోని అమ్మవారిని చెక్కితే గిట్లనే ఉంటది."

"పోయినేడు వినాయకుణ్ణి సుత నేనే చెక్కిన సార్," అన్నాడు రిచర్డ్ మెల్లగా. "తొండం ఒకటే వచ్చింది."

మరో రోజైతే పర్వతాలు పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు తల వంచుకున్నాడు. అది అన్యాయమైన మాటని తెలిసీ నోరు విప్పలేదు. ఇంట్లో భార్య కమలాబాయికి కిడ్నీలు పాడై ఏడాది దాటింది. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. అది ఈఎస్ఐ కార్డు మీద జరుగుతోంది. ఆ కార్డు ఈ ఉద్యోగం మీద ఉంది.

భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. చూడవలసింది ఏమిటో ఆయనకు బాగా తెలుసు. డై చేసేటప్పుడు మూల అచ్చును ఉక్కులోకి రెండుసార్లు ఒత్తుతారు. రెండోసారి వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఆ తప్పు డైలోనే ఉండిపోతుంది. అప్పుడు ప్రతి బిళ్ళ మీదా ఒకే చోట, ఒకేలా, రెండు గీతలూ నిండుగా ఉబ్బి కనిపిస్తాయి. అక్షరం లావెక్కుతుంది. అలా కాక ప్రెస్సులో డై వదులై అదిరితే, రెండో గీత ఉబ్బదు. ఆ అదురు అక్షరం అంచునే చెక్కి మెట్టులా చదును చేస్తుంది. అక్షరం సన్నబడుతుంది. ఒక బిళ్ళకూ ఇంకో బిళ్ళకూ పోలిక ఉండదు.

'అమ్మా, డైదే కానీ' అని మొక్కాడు. పక్కవాడి అన్నం పోవాలని మొక్కుతున్నానా అని ఒక్క క్షణం అనిపించింది. అయినా మొక్కు ఆపలేదు.

మొదటి బిళ్ళ మీద శ్రీకి కుడివైపు గీత. రెండోదాని మీదా అక్కడే. మూడోదీ అంతే. నాలుగోది వెలుతురుకు తిప్పాడు. గీత సగమే ఉంది. ఐదోదాని మీద అసలు లేదు. ఆరోదాని మీద ఎడమవైపుంది. మళ్ళీ మొదటిది తీసి వేలిగోరుతో తడిమాడు. ఉబ్బు లేదు, చదునైన మెట్టే.

లేచి పానాతో బోల్టులు విప్పి డై పైకెత్తాడు. అది కూర్చునే గూడులో ఎర్రటి పెచ్చు, సగం పొడిగా రాలి ఉంది.

దసరాకు ఆయుధపూజ నాడు అందరూ మిషన్ పైపైన బొట్లు పెట్టారు. తను మాత్రం కమలాబాయి కోసమని డై తీసి, గూడులో నూనె కలిపిన పసుపూ కుంకుమా పెట్టాడు. పూజ అయ్యాక తుడవాలి. గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఆమె పేరున పెట్టిన కుంకుమను తుడవడానికి మనసు రాలేదు. దాని మీదే డై బిగించాడు. అది గట్టిపడి, దెబ్బలకు చిట్లి, డై కుదురు తప్పింది.

'నీకే కదా తల్లీ పెట్టింది. ఇందులో నా పాపం ఎంత?' అనుకున్నాడు. ప్రెస్సు చల్లగా నిలబడి ఉంది. ఇప్పుడు తుడిచేస్తే ఎవరికీ తెలియదు.

"పర్వతాలన్నా."

వెనక రిచర్డ్. పర్వతాలు చటుక్కున గూడుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేనే ఒప్పుకుంట తియ్. ఈ నడుమ చెయ్యి వణుకుతుంది. రెండోసారి ఒత్తినప్పుడు జరిగిందేమో."

"బిళ్ళలు చూసినవా నువ్వు?"

"కండ్లేడ ఆనుతున్నయి? నువ్వు చూసినవు గద. నువ్వేది చెప్తే గదే."

పర్వతాలు పానా కింద పెట్టాడు. రిచర్డ్ జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకుంటూ, ఆయన ముందు నడవాలన్నట్టు పక్కకు తప్పుకున్నాడు. యజమాని గదిలోకి వెళ్ళేదాకా ఏం చెప్పాలో పర్వతాలుకే తెలియదు.

"ఏందీ, తేలిందా?" అన్నాడు విశ్వతేజ.

"డై మంచిగుంది సార్."

"అంటే?"

"నా మిషన్ల డై లూజైంది. పూజ కుంకుమ తుడువకుండ బిగించిన. తప్పు నాదే."

రిచర్డ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "సార్, వదినెకు డయాలసిస్ నడుస్తుంది. జెర ఆలోచించుండ్రి."

విశ్వతేజ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "నాన్న ఉన్నప్పటి మనిషివి. నెలాఖరు దాకా ఈఎస్ఐల నీ పేరు ఉంచుతా. తర్వాత నీ తిప్పలు నువ్వే పడాలె."

బయటికొచ్చి పర్వతాలు వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టాడు. ఎల్లుండి శుక్రవారం, మంగళవారం, మళ్ళీ శుక్రవారం... నెలాఖరుకు ఐదుసార్లు. ఆరోసారి సంగతి అమ్మవారికి చెప్పుకుందామనుకున్నాడు. చేతులు జోడించాడు గానీ, నోట మాట రాలేదు.