మూత తీయకూడని పెట్టె

బావ మీద నాకు అనుమానం మొదలైంది నల్ల కళ్లజోడు దగ్గర. బయట ముసురు పట్టి పట్టపగలే లైట్లు వేసుకుని కూర్చున్నాం. అలాంటి రోజున మా అక్క మొగుడు నల్ల కళ్లజోడు పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఎక్కడికెళ్లావని అడిగితే "పనుంది" అన్నాడు. నిజంగా పనున్నవాడు అదేమిటో చెబుతాడు. నేను అప్పటికి ఊరుకున్నాను.

మేమిద్దరం కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్లు పరీక్షిస్తాం. కంప్యూటర్‌లో ఆటలాడేవాళ్లు ఏది కొనాలో తేలక తల పట్టుకున్నప్పుడు మా వీడియో చూస్తారు. ఒకే ఆట, అందులో ఒకే సంత సందు, ఒకే జనం. అక్కడ ఏ ప్రాసెసర్ సాఫీగా పరిగెడుతుందో, ఏది తడబడుతుందో చెబుతాం. మా మాట నమ్మడానికి కారణం బావ పెట్టిన పద్ధతి. ప్రాసెసర్ ఎక్కించినవాళ్లు ఆట ఆడకూడదు, ఆడేవాళ్లు కంప్యూటర్ పెట్టె మూత తీయకూడదు. పెట్టెల మీద ఒకటి, రెండు అని చీటీలుంటాయి అంతే. ఏ పెట్టెలో ఎవరి సరుకుందో ఆట అయ్యేదాకా ఆడేవాళ్లకు తెలియదు. ఎక్కించేది బావ, ఆడేది నేను. అంటే ఈ గదిలో మోసం చేయాలంటే చేయగలిగింది ఒక్కడే.

ఈసారి రెండు కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. ఒకటి పసుపు డబ్బాలో, ఒకటి ఊదా డబ్బాలో. బావ ఆ కళ్లజోడుతో రావడానికి ముందే పసుపు డబ్బా తెచ్చిన కంపెనీ ఆయన వరండాలో బావతో చాలాసేపు గుసగుసలాడాడు. పోతూ పోతూ భుజం తట్టాడు. భుజాలు ఊరికే ఎవరు తడతారు? ఆ తర్వాత బావ బల్ల మీదకి పెళ్లిపందిరి లైటంత దీపం కొన్నాడు. స్క్రీన్ మీద అక్షరాలు ఎదురింటివాళ్లు కూడా చదువుకునేంత పెద్దవి చేశాడు.

పైగా, "ఫలితాలు నువ్వే చదువు మరదలా, నీ గొంతు బాగుంటుంది" అన్నాడు. నేను నోరు విప్పితే కాకులు చుట్టపుచూపుగా వస్తాయని ఇన్నేళ్లూ ఏడిపించిన మనిషి! రేపు బండారం బయటపడితే మాట నాది, చేతులు దులుపుకునేది తను. అలాగే అర్థం చేసుకున్నాను.

ఆట మొదలుపెట్టాను. ఒకటో పెట్టె బుద్ధిగా నడిచింది. రెండోది మొదట దాన్ని మించి ఉరికింది గానీ, సంత సందులోకి వెళ్లేసరికి ఆయాసపడింది. బొమ్మ ఆగి ఆగి కదిలింది, ఫ్యాను గోల పెట్టింది, వేడి పైకి పోయింది. మళ్లీ ఆడాను. మళ్లీ అదే.

"ఎలా ఉంది?" అన్నాడు బావ.

"రెండోది ఒట్టి దండగ."

"అవునా? అది ఊదా డబ్బాది. పాపం."

ఆ 'పాపం' నాకు నచ్చలేదు. ఇదే మాట వీడియోలో చెప్పి, రేపు ఇంకెవరో తప్పని తేలిస్తే మా గదికి తాళమే. తవ్వి చూస్తే దొరికేది అక్క మొగుడు. అక్క మొహం ఎలా చూడాలి? అయినా బావ టీకి దిగగానే, మూత తీయకూడదన్న పద్ధతిని పక్కనపెట్టి రెండో పెట్టె విప్పడానికి స్క్రూడ్రైవర్ తీశాను.

ప్రాసెసర్ మీద కూర్చుని వేడి లాగేసే కూలర్ కొత్తది. కొత్త కూలర్ అడుగున గీతలు పడకుండా పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి ఇస్తారు. అది తీయకుండా బిగిస్తే వేడి బయటికి పోదు, ప్రాసెసర్ మాడిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ కాగితం అక్కడే ఉంది. దాని మీద ప్రాసెసర్‌కి పూసిన పేస్టు తుడిచి చూస్తే, 'బిగించే ముందు తీసేయండి' అని సన్న అక్షరాలు.

కంప్యూటర్ కాగుతోందని ఎవరు ఫోన్ చేసినా బావ మొదట అడిగేది ఒకటే. "కాగితం తీశావా?" తీయలేదంటే రోజంతా చెప్పుకుని నవ్వుతాడు. అలాంటి మనిషి మర్చిపోయాడంటే నేను నమ్మాలా? నా చెవిలో పువ్వులేమైనా ఉన్నాయా?

తను పైకి రాగానే కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"ఇదేంటి బావగారూ?"

"ఇదేంటే, మధ్యలో ఈ గారు ఎక్కడినుంచి వచ్చింది?"

"మీ మర్యాదకేం తక్కువ? ఆ పసుపు డబ్బా ఆయన ఏం ఆశ పెట్టాడు మీకు? ముందు ఇదేంటో చెప్పండి."

"ఏది?"

"నటించకండి!"

బావ నా వేళ్ల వైపు చూశాడు. తర్వాత వాటి పక్కకి చూశాడు. "నీ చేతిలో ఏమీ లేదు కదే" అన్నాడు.

తను దగ్గరకొచ్చి నా వేళ్లు తడిమాడు. బొటనవేలు కాగితం మీద జారి ఆగిపోయింది.

"రెండో పెట్టెలోదా?" అని, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "సూటిగా దేన్ని చూస్తే అక్కడే మబ్బు. పక్కలు కనిపిస్తాయి. ఆ కంపెనీ ఆయన వాళ్ల నాన్నకీ ఇదేనట, డాక్టర్ పేరు చెప్పాడు. మొన్న కళ్లలో మందు వేసి నల్ల కళ్లజోడు పెట్టి పంపారు."

"తగ్గుతుందా?"

"పెరగకుండా చూస్తామన్నారు. మీ అక్కకి చెప్పకు. ఈ పని కూడా చేతకాదంటే నేనేం చేయాలే?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నా బుర్రని నాలుగు తన్నాలనీ అనిపించింది. ఇన్ని ఆనవాళ్లు ఏరి పెట్టుకున్నాను, ఒక్కటైనా సరిగ్గా చూశానా?

"అక్కకి నువ్వే చెప్పు బావా, త్వరగా. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు" అన్నాను. "ఇకనుంచి ఎక్కించేది నేను. ఆడేది నువ్వు."

"కనిపించనివాడు ఏం ఆడతాడు?"

"సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు పడ్డాయో కంప్యూటరే రాసుకుంటుంది. ఆ సందు నీకు కంఠతా. తడబడితే నీ చేతికి తెలియదా?"

నేను చీటీలు పీకేసి రెండు పెట్టెలకీ కొత్త కూలర్లు విప్పాను. పద్ధతి ప్రకారం బావ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మొదటిది బిగించబోతుంటే అడిగాడు.

"కాగితం తీశావా?"

"తీశాను."

"నిజంగానా?"

ఇంట్లో అనుమానం ఇప్పటిదాకా నా ఒక్కదాని సొత్తు. నేను లేచి వెళ్లి, పీకిన కాగితాన్ని బావ అరచేతిలో పెట్టాను. తను దాన్ని తడిమి చూసుకుని, వేళ్లు మూసుకుని, "ఇక బిగించు" అన్నాడు.