గోడ మీది రెక్కల బల్లి

అదేమైనా కోడిపిల్లా ఒంటినిండా నూగు మొలవడానికి, అని అత్తయ్య బఠానీలు ఒలుస్తూ మళ్ళీ అననే అన్నారు, బల్ల మీద నేను పరిచిన కొత్త బొమ్మ కాగితాన్ని మా ఆయన తన కంచం దగ్గర నుంచి ఒక్క వేలితో నెట్టేస్తూ, అమ్మ కళ్ళముందే అమ్మ వేసిన బొమ్మ చెరిపేస్తావా అంటున్నారు, నేనడిగానా, మ్యూజియం వాళ్ళే అడిగారు, ఆ హాల్లో ఉన్నది ఒకే గోడ, గోడంతా అత్తయ్య వయసులో ఉండగా వేసిన టెరోసార్, రాక్షసి బల్లులు నేల మీద తిరిగే కాలంలో ఆకాశంలో తిరిగిన జంతువు, మా ఇంట్లో దాని పేరు రెక్కల బల్లి, నున్నటి బూడిదరంగు ఒళ్ళు, ఈయన చిన్నప్పుడు స్నేహితుల్ని వెంటేసుకుని వెళ్ళి ఇది మా అమ్మ వేసింది అని చూపించిన గోడ, దాని ఒంటికి నూగుండేదని తేలిందట, ఇప్పుడు దాని మీద కొత్తది వేయమంటున్నారు, నేను కాదంటే ఇంకెవరో వేస్తారు, ఔనంటే ఈ బల్ల దగ్గర ఇక అందరం కలిసి కూర్చుంటామో లేదో.

ఎముకలకు చర్మం లాగి కట్టినట్టు ఉంటాయి ఆ రోజుల్లో బొమ్మలు, కండ ఉండదు, కొవ్వు ఉండదు, మా అమ్మాయి ఎముకలు మాత్రమే దొరికి ఎవరైనా దాన్ని గీస్తే ఈ బుగ్గలేమవుతాయి, ఈ చెవులెక్కడ పెడతారు, ఆ అమ్మాయే నా భుజం మీదుగా చూసి, నిజం చెప్పాలంటే నానమ్మ బల్లి జుట్టూడిన నాన్నలా ఉంటుందమ్మా అన్నది, ఈయన నెత్తి తడుముకున్నారు, అత్తయ్య నవ్వాపుకోలేక గిన్నెలోకి తల వంచేశారు, ఆ కాస్త సందులోనే కొత్తగా దొరికిన, రెక్కల బల్లి ఎముకలున్న రాతిపలక ఫొటో ఆవిడ ముందు పెట్టాను, మెడ చుట్టూ దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలు, అదే నూగు అత్తయ్యా అన్నాను.

చాలాసేపు చూశారు, గింజలు ఒలిచే చేయి ఆగిపోయింది, ఇవి మా రోజుల్లోనూ కనిపించేవే అమ్మాయ్ అన్నారు, రాయి బయటికి తీసినప్పుడు ఎముక చుట్టూ ఇలాంటి మరకలు ఉండేవి, మట్టేనని సూదులతో గీకి, కుంచెతో దులిపి, ఎముక తెల్లగా తేలాక నా గదికి పంపేవాళ్ళు, నాకు వచ్చింది నేను గీశాను, రాయి బూడిదరంగు, ఒంటికీ అదే వేశాను, మరి రంగు వేరే అని ఎవరు చెప్పారు, ఆ గొంతులో కోపం లేదు, నా కాగితం మీది నూగుకి ఈ గోధుమరంగని నాకు మాత్రం ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, నాదీ ఊహే, నా చేతికి వచ్చేలోగా ఏమేం దులిపేశారో ఎవరికి తెలుసు, ఆ గోడ ఇప్పుడు కళ్ళముందు నిలబడింది, గబ్బిలానికి బొటనవేలు తప్ప వేళ్ళన్నీ రెక్కలో ఉంటాయి, అత్తయ్య బల్లికి పొడుగాటి ఒక్క వేలే రెక్కను మోస్తుంది, మిగతావి రాయిని పట్టుకుని ఉన్నాయి, అప్పుడే వాలిన జంతువు బరువంతా ఆ వంగిన మణికట్టులో ఉంది, ఆ బరువు ఏ ఎముకా చెప్పలేదు, ఆవిడే చూశారు, అంత బాగా నేనింకా వేయలేదు, ఆ మణికట్టు మీద రంగు పూసి నా మణికట్టు వేయడానికి నాకు చేతులు రావు, కావలసింది ఆ ఒంటికి వెచ్చదనం, అంతే, అవును, అంతే.

కంచాలు తీయబోతూ చెప్పాను, కొత్త బొమ్మ వేయను, ఉన్న బొమ్మకే మెడ దగ్గర మొదలుపెట్టి నూగు వేసుకుంటూ వస్తాను, మ్యూజియం వాళ్ళకు పొద్దున్నే చెబుతాను, అత్తయ్య నాతో వస్తారు, నూగు ఎక్కడ ఆపాలో ఆవిడే చెప్పాలి.