గొంతు ఒక్కటే నాది

చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే మా ఆయన మణిశంకర్ వంటింటి గుమ్మంలో నిలబడి, ఇంక ఫోన్లతో నీకు అవస్థ తప్పింది హైమా, అంతా ఏఐ చూసుకుంటుంది అన్నారు. వరమిచ్చినట్టే అన్నారు.

రాజమండ్రిలో మాకు ఉప్పాడ చీరల షాపుంది. షాపు ఆయనది, ఫోన్లు నావి. ఒక చేత్తో పోపు కలుపుతూ, ఏ చీర ఎవరు నేశారో, ఆ నేసినావిడ ఇంటి గుమ్మందాకా సముద్రం ఎలా వచ్చిందో చెప్పేదాన్ని. అవతలివాళ్లూ తమ సంగతులు చెప్పుకునేవారు. చీర ఆ తర్వాతెప్పుడో కొనేవారు. మా అత్తగారు వాటిని సొల్లు కబుర్లనేవారు. కూర మాడినా మా కోడలికి తెలీదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఇప్పుడు నన్నొక్క మాట అడక్కుండా, నా వాయిస్ మెసేజ్‌లన్నీ ఎవరికో ఇచ్చి, నా గొంతుతో మాట్లాడే మిషన్ చేయించారు. "బాగున్నారాండీ" అని అది నాలాగే సాగదీస్తుంటే అత్తగారు మురిసిపోతూ విన్నారు. నేను మాట్లాడితే సొల్లు, అది మాట్లాడితే వ్యాపారం.

వారం తిరక్కుండానే తుని నుంచి వీరవేణిగారు నా ఫోన్‌కి చేశారు. వాళ్లమ్మాయి సీమంతానికి చీర చూపించింది నేనే. సీమంతం కాకుండానే కడుపు పోయిందని ఆవిడ ఏడిస్తే, చీర మాటెత్తకుండా విన్నదీ నేనే. ఆ ఏడుపు ఏ మెసేజ్‌లోనూ లేదు. మిషన్‌కి ఎలా తెలుస్తుంది?

"మా అమ్మాయికే ఫోన్ చేసి, బారసాలకి ఏ రంగు చూడమంటారని అడిగారంటండీ. మీకు తెలుసు కదండీ హైమగారూ," అన్నారు. ఆ గొంతులో కోపమైనా లేదు. ఉంటే బాగుండేది.

దాన్ని ఆపించమని మా ఆయన్ని అడిగాను. చిన్న పొరపాటు, సరిచేయిస్తాను, ఆవిడకి డిస్కౌంట్ ఇద్దాం అన్నారు. అది నా గొంతండీ అన్నాను.

"గొంతు నీదే. షాపు నాది," అని, మజ్జిగ పొయ్యమన్నట్టు కంచం ముందుకు జరిపారు.

పొయ్యలేదు. మర్నాడు పొద్దున్నే తుని రైలెక్కాను. గొంతు నాదే, ఆ మాట మాత్రం నేననలేదు, నమ్మితే నమ్మండి అని వాళ్ల వసారాలో నిలబడి చెప్పాను. అమ్మాయే లోపల్నుంచి వచ్చి నన్ను కాసేపు చూసి, చాప వేసి, పక్కన కూర్చుంది. ఆ బిడ్డకి ఏం పేరు అనుకున్నారో చెప్పింది. ఇంతవరకూ ఎవరూ అడగలేదట. నా ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరో చూడక్కర్లేదు, మా ఇంట్లో భోజనాల వేళ అది.

బయల్దేరే ముందు నాకు తెలిసిన ఆడవాళ్లందరికీ వాయిస్ మెసేజ్ పంపాను. "నేను హైమని. షాపు నంబర్లో మాట్లాడేది నేను కాదు. అక్కడ పని మానేశాను."

పంపాక నా మాట నేనే మళ్లీ విన్నాను. ఇన్నేళ్లలో దాన్ని పని అని ఎవరైనా అనడం అదే మొదటిసారి.