పావు మీటరు తక్కువ టేపు

నేను ఒక కొలత టేపును. ముప్పై మీటర్లు అని నా డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ రాతను నమ్మకండి. నాకు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

ఫ్యాక్టరీలో నన్ను తయారుచేసినవాళ్ళు ఒక్కొక్క గీతనూ భూతద్దం పెట్టి చూశారు. వెంట్రుకవాసి తేడా వచ్చిన నా తోబుట్టువులను పక్కన పారేశారు. అంత కచ్చితంగా పుట్టిన నన్ను గోదావరి ఒడ్డున ఒక జిల్లా పరిషత్తు బడికి పంపారు. అక్కడ మొదటి ఆగస్టు పదిహేను నాడే, జెండా కట్టడానికి తాడు చాలడం లేదని, అటెండర్ పోశం కత్తెర తెచ్చి నా ముందు కొసను కసుక్కున కోశాడు. పావు మీటరు! చుట్టూ అంతమంది చదువుకున్నవాళ్ళు ఉండి ఒక్కరూ అయ్యో అనలేదు. పైగా జెండా ఎగరగానే చప్పట్లు కొట్టారు.

డ్రిల్లు సార్ ఓదెలు మంచివాడే. ఊడిన కొక్కేన్ని తెగిన కొసకు మళ్ళీ బిగించాడు; సున్నా ఉండాల్సిన చోటికి పావు మీటరు గీత వచ్చింది. ఆ తర్వాత ఏది కొలిచినా, వచ్చిన దాంట్లోంచి పావు మీటరు మనసులోనే తీసేసి చెప్పేవాడు. పదకొండేళ్ళు అలా నెట్టుకొచ్చాం. ఇసుకలో రాసుకొని రాసుకొని నా మొదటి అంకెలన్నీ చెరిగిపోయాయి. రిటైరయ్యే రోజు ఆయన ఛార్జి అప్పగించే లిస్టులో ‘టేపు ఒకటి, బాగున్నది’ అని రాశాడు. పాడైందని రాస్తే ఎందుకు పాడైందో ఇంకో నాలుగు కాగితాలు రాయాలి మరి. శాలువా కప్పించుకొని, ఆ తీసివేత లెక్కను బుర్రలోనే పెట్టుకొని ఇంటికి వెళ్ళిపోయాడు. నేను నిర్ఘాంతపోయాను.

ఆయన స్థానంలో హేమలత మేడం వచ్చింది. ఆమెకు అన్నీ కొత్త పద్ధతులే. పిల్లలందరికీ తలా ఒక అట్టముక్క ఇచ్చి, “ఎవలి గోల్ వాళ్ళే రాసుకోవాలె. పెన్సిల్‌తోనే రాయాలె. అందితే పెంచుకోవాలె, అందకుంటే తగ్గించుకోవాలె. పక్కోళ్ళ కార్డు చూసుడు లేదు” అంది. ఒకడు గ్రౌండు చుట్టూ ఆగకుండా ఒక రౌండు అని రాశాడు. ఇంకొకడు ‘పొద్దుగాల లేచుడు’ అని రాశాడు. మేడం నవ్వకుండా సంతకం పెట్టింది.

ఎనిమిదో తరగతి దుర్గం జమున మాత్రం లాంగ్ జంప్ నాలుగు మీటర్లు అని రాసింది. క్రీడా పాఠశాల సెలక్షన్లో అంత దూకితేనే సీటు. ఆ పిల్లకు వేరే ధ్యాసే లేదు. నా ముందు కొసను ఇసుకలో ఎవరో ఒక పిల్ల పట్టుకునేది, పిల్లలు కాలు మోపి ఎగిరే చెక్క దగ్గర మేడం నిలబడి అంకె చదివేది. జూన్‌లో మూడు నలభై. దసరాకు మూడు ఎనభై. నవంబర్‌లో నాలుగు సున్నా అయిదు! పిల్లలు జమునను ఎత్తుకొని తిప్పారు. తప్పు తల్లీ, పావు మీటరు తీసెయ్యండి అని నేను గిలగిలలాడాను. నోరు లేని బతుకు నాది, ఎవరు వింటారు?

సెలక్షన్ రోజు మేడం సంచీలో నేనూ వెళ్ళాను. అక్కడి టేపు కొత్తది, నిండు టేపు. జమున మూడుసార్లు దూకింది. అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది మూడు ఎనభై రెండు. మేడం ముఖం పాలిపోయింది.

“టెన్షన్ పడ్డవా బిడ్డా?”

“లే మేడం. బడిల నాలుగు దాటిన గద. ఈడికొచ్చినంక ఏమైంది నాకు?”

ఆ ప్రశ్నకు జవాబు సంచీలో చుట్టుకొని పడుంది. అంత అవమానం నేనెప్పుడూ పడలేదు.

మరునాటి నుంచి జమున గ్రౌండుకు రావడం మానేసింది. కార్డు మీద అంకెలు చెరిపి ‘ఏం లేదు’ అని రాసింది. “మూడున్నర పెట్టుకో, మెల్లగ పెంచుకుందాం” అని మేడం బతిమాలింది. “నా కాళ్ళు గంతే మేడం, నన్నిడ్సిపెట్టున్రి” అని ఆ పిల్ల తల తిప్పుకుంది. నెల గడిచింది.

ఒకరోజు ఏదో ఫారం నింపాలని మేడం పిల్లల ఎత్తు కొలవడానికి నన్ను తీసింది. మొదట నిలబడింది జమునే. కొక్కెం మడమ దగ్గర, అంకె తల దగ్గర. ఒకటి డెబ్బై ఏడు. మేడం రాసుకోబోయి ఆగింది.

“నువ్వు నా నొసటి కాడికొస్తవ్. నేనే ఒకటి యాభై ఎనిమిది. నువ్వు డెబ్బై ఏడెట్లయితవే?”

లెక్కల సార్ దగ్గరి మీటరు చెక్క స్కేలు తెప్పించి నా పక్కన పెట్టింది. స్కేలు ఒకటి దగ్గర అయిపోయింది. నేను ఒకటింపావు చూపించాను. మేడం కొక్కెం దగ్గర తెగిన అంచును వేలితో తడిమి చూసింది.

మరునాడు ప్రార్థనలో ఆమె అందరి ముందు చెప్పింది: “తప్పు నాది. కొస చూడకుండ కొలిచిన. దుంకినోళ్ళందరు మీ కార్డుల పావు మీటరు తీసేసుకోండ్రి.” బడంతా గొల్లుమంది. నాలుగు దాటిన వీరులంతా ఒక్క పూటలో మూడుకు దిగిపోయారు. జమున కూడా అట్ట మూలన నాలుగు సున్నా అయిదు రాసి, పావు మీటరు తీసేసింది. తీసేసి అలాగే నిలబడిపోయింది.

“మేడం, బడిల నేను దుంకింది మూడు ఎనభయ్యేనా?”

“అవు బిడ్డా.”

“మరి గా దినం మూడు ఎనభై రెండు దుంకిన గద.”

మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల నెల రోజులు ఏడ్చింది తన జన్మలో దూకిన అన్నిటికన్నా పెద్ద దూరానికి! తోటి టేపుల్లారా, ఎక్కడున్నా వినండి, ఒక్క పావు మీటరు ఎంత పని చేసిందో.

జమున ‘ఏం లేదు’ను గట్టిగా చెరిపి, ‘మూడు తొంభై’ అని రాసింది. తర్వాత నన్ను వేళ్ళతో ఎత్తి మేడంకు చూపించింది.

“ఇది పారేసి కొత్తది తెప్పియ్యండ్రి మేడం. వచ్చే యేడు నాలుగు దుంకుత.”

విరిగిన బల్లల గదిలోకి నన్ను విసిరేశారు. పారేస్తుంటే సంతోషించిన వస్తువును ఈ లోకంలో నేనొక్కదాన్నే అనుకుంటాను.