మగవాళ్ళ బెంచీ

రాజోలు దగ్గర ఓ ఊరి చర్చిలో, మగవాళ్ళవైపు ముందు వరసలో ఒక టేకు బెంచీ ఉంది. అరవై దాటిన మగవాళ్ళే దాని మీద కూర్చోవాలని ఎప్పటినుంచో ఆచారం. ఆరుగురు పట్టే ఆ బెంచీ మీద, రిటైరైన హెడ్మాస్టరు యాకోబుగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆయనొక్కరే మిగిలారు. మిగతా ఐదుగురూ ఒకరి వెనక ఒకరు సమాధుల దొడ్డికి చేరుకున్నారు. కొత్తగా అరవై నిండినవాళ్ళు బెంచీ వాలకం చూసి, తమకింకా యాభై తొమ్మిదేనని చెప్పుకుంటున్నారు.

పోయినవాళ్ళ భార్యలు మాత్రం నిక్షేపంగా ఉన్నారు. ఆడవాళ్ళవైపు చాపల మీద ఇరుక్కుని కూర్చుని, పాటకి లేచినప్పుడల్లా మోకాళ్ళు పట్టుకుని "దేవా" అంటున్నారు. అది ప్రార్థన కాదని పాస్టరుగారికీ తెలుసు.

ఒక ఆదివారం ఆరాధన అవగానే, పోయిన ఐదుగురిలో ఒకరైన అబ్రహాముగారి భార్య నాగమణి యాకోబుగారి దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, బెంచీ ఖాళీగానే ఉంది కదండీ. మేం కూర్చుంటామండీ."

యాకోబుగారు లోపల లెక్క వేసుకున్నారు. బెంచీ ఆడవాళ్ళకి వదిలేస్తే మగవాళ్ళ పని అయిపోయినట్టే. అంటే తన పనీ అయిపోయినట్టే. పైకి మాత్రం గంభీరంగా, "మగాడు సంసారం బరువు మోసి మోసి ముందుగా పోతాడు చెల్లెమ్మా. ఆ గౌరవానికే ఈ బెంచీ" అన్నారు.

"మా ఆయన గొడుగు తప్ప ఏం మోసేరండీ? అదీ వానొస్తేనే."

పక్కనే ఉన్న యాకోబుగారి భార్య సరోజిని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

మరుసటి ఆదివారం ఆయన వచ్చేసరికి ఆ ఐదుగురు ఆడవాళ్ళూ బెంచీ ఎక్కేశారు. ఎవరి భర్త కూర్చునే చోట వాళ్ళు. మధ్యలో యాకోబుగారి చోటొక్కటే ఖాళీ. వెనక్కి వెళితే పరువు పోతుందని, మొహం గంటు పెట్టుకుని వాళ్ళ మధ్యే కూర్చున్నారు. పాట మొదలైంది. అటు చాప మీద సరోజిని, గోడ పట్టుకుని, పళ్ళ బిగువున లేస్తోంది. ఆవిడకి ఈ బెంచీ మీద చోటు దొరకాలంటే తను పోవాలి! ఆ ఊహకి ఆయనకి భయం వేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

పాట ఆగగానే లేచి నిలబడ్డారు.

"సరోజినీ, ఇలా వచ్చి నా చోట్లో కూర్చో" అన్నారు, అందరికీ వినపడేలా.

చర్చి మొత్తం ఆవిడవైపు తిరిగింది. సరోజిని తాపీగా చాప మీద చతికిలబడింది.

"మీరే కూర్చోండి. నాకేం తొందర లేదండీ, నేను ఆగుతాను."