గుండ్లా, కారమా

ఓరిన్ తలకి జుట్టు లేదు, కొట్టుకి బోర్డు లేదు. గుండు కనిపిస్తే గుండ్లు దొరుకుతాయని సోల్డాట్నా ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి బోర్డు ఖర్చు మిగిలింది. జుట్టు ఖర్చు ఎలాగూ లేదు.

మార్లిస్‌ది ఆ ఊరు కాదు. హోమర్ నుంచి గంటన్నర కారు నడుపుకుంటూ వచ్చింది. హోమర్‌లోనూ తుపాకుల కొట్లున్నాయి. కానీ అలాస్కాలో చిన్న ఊరంటే, కొట్లోకి అడుగు పెట్టగానే "ఎల్డన్ పోయాక ఎలా ఉంటున్నావమ్మా?" అని అడుగుతారు. ఇక్కడ అడగరు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికే అంత పెట్రోలు కాల్చింది.

ఆమె భర్త ఎల్డన్ మార్చిలో పోయాడు. ఎలుగుబంటి చేతిలో కాదు, ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తుంటే గుండె ఆగి. ఇరవై రెండు ఆగస్టులు ఇద్దరూ కలిసి ఏటి వెంట పైకి నడిచి, అక్కడి చెక్క గదిలో సాల్మన్ చేపలకి నిలవ కోసం పొగ పెట్టుకున్నారు. ఈసారి ఒక్కతే వెళ్ళాలి. వెళ్ళలేకపోతే ఆ గది అమ్మేయాలి. అదీ అమ్మేస్తే ఇక ఏడాదిలో ఆమెకంటూ మిగిలేవి పదకొండు నెలలే, అవీ చలికాలం లాంటివే.

రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టింది. "దీనికి గుండ్లు కావాలి. ఎలుగుల కోసం."

"అయితే గట్టి సీసంవి తీసుకోండి," అన్నాడు ఓరిన్. "మెత్తవి పైపైనే విచ్చుకుని ఆగిపోతాయి. ఎలుగుకి గిలిగింతలు పెట్టినట్టుంటుంది. ఇంతకీ పేల్చేదెవరు?"

"మా ఆయన."

అబద్ధం అంత సాఫీగా వస్తుందని ఆమే అనుకోలేదు.

"మరి మీరో?"

"నా దగ్గర ఎలుగు కళ్ళలో కొట్టే కారం స్ప్రే ఉంటుంది. నేను ముందు, ఆయన వెనక."

కాఫీ కుండ పక్కన కూచున్న ముసలాయన, పేరు క్లైడ్, తల ఎత్తాడు. "స్ప్రేనా? ఎలుగుకి మిమ్మల్ని కారం చల్లి మరీ వడ్డిస్తారన్నమాట."

"ఈయన మాట పట్టించుకోకండమ్మా. ఈయన ఎలుగుని చూసింది క్యాలెండర్లోనే," అన్నాడు ఓరిన్. ఆమె తెచ్చిన పాత స్ప్రే డబ్బా తిప్పి చూశాడు. "దీని గడువు తీరిపోయింది."

కారానికి గడువుంటుంది. మమకారానికి కూడా డబ్బా అడుగున ఒక తేదీ కొట్టి ఇస్తే ఎంత బావుండేదో.

కొత్త డబ్బా కొన్నవాళ్ళని పెరట్లో పరీక్ష పెట్టకుండా పంపడు ఓరిన్. కారం లేని ఉత్తుత్తి డబ్బా ఒకటి ఆమె చేతికిచ్చాడు, లోపలంతా నీళ్ళూ గాలీ. తను గోధుమ రంగు కార్పెట్ ఒకటి కప్పుకుని ముప్ఫై అడుగుల దూరంలో నించున్నాడు.

"ఆ ఒంటితో ఎలుగు వేషానికి కార్పెట్ దండగరా," అన్నాడు క్లైడ్ తలుపు దగ్గర్నుంచి.

ఓరిన్ పరుగెత్తుకొచ్చాడు. మార్లిస్ డబ్బా మీటకున్న క్లిప్పు లాగింది, డబ్బా ఎత్తింది, ఎడం భుజం మీదుగా వెనక్కి చూసింది. ఇటు తిరిగేసరికి కార్పెట్ ఆమె మీదే ఉంది.

"పోయారు మీరు," అన్నాడు ఓరిన్ రొప్పుతూ. "మళ్ళీ."

మళ్ళీ పోయింది. మూడోసారీ పోయింది.

"వెనకేముందమ్మా?"

"ఆయన పక్కకి జరిగాడో లేదో చూసుకోవాలి కదా. గాలి ఎదురు తిరిగితే ఆయన కళ్ళలో పడుతుంది."

"అయితే ఆయన్నీ పిలవండి, ఇద్దరికీ కలిపి చేయిస్తాను. కార్లో ఉన్నారా?"

కంచె అవతల ఆగి ఉన్న కారుని ముగ్గురూ చూశారు. పక్క సీటు మీద ఎండ పడుతోంది.

"లేడు," అంది మార్లిస్.

"ఇంటి దగ్గరా?"

"ఎక్కడా లేడు."

క్లైడ్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఓరిన్ కార్పెట్ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఆ రివాల్వర్ మీరెప్పుడైనా పేల్చారా?" అన్నాడు.

"రెండుసార్లు. రెండోసారి వారం రోజులు చెయ్యి లేవలేదు."

"అయితే గుండ్లు మీకొద్దు. స్ప్రే ఒక్కటే, ఛాతీ మీద. రెండూ కట్టుకుంటే ఏది తియ్యాలో తేల్చుకునేలోపు మీరే తేలిపోతారు. దారంతా గట్టిగా మాట్లాడుతూ నడవండి."

ఎలుగులున్న చోట ఎలుగెత్తి నడవాలన్నది ఆమెకి కొత్త సంగతేం కాదు. "ఎవరితో?" అని అడిగింది.

జవాబు క్లైడ్ ఇచ్చాడు. "ఎలుగుతోనే. మా ఆవిడ పోయాక నేను టీవీతో మాట్లాడుతున్నా. అది నా మాట వినదు, ఆవిడా వినేది కాదు. పెద్ద తేడా ఏం లేదు," అన్నాడు. కింద పెట్టిన కప్పు తీసుకుంటూ, "ఉంది," అన్నాడు.

మార్లిస్ క్లిప్పు మళ్ళీ తగిలించింది. "పరుగెత్తండి."

నాలుగోసారి మెడ తిరిగింది. అయిదోసారి సగం తిరిగింది. ఆరోసారి కళ్ళు మాత్రం వెళ్ళొచ్చాయి. ప్రతిసారీ ఆమె మెడకి చెప్పుకోవాల్సొచ్చింది, ఎవరూ లేరు, ఎవరూ లేరు అని. అయిదు నెలలుగా జనం చెబుతుంటే తల ఊపిందేగానీ, ఆ మాట తనంతట తను అనుకోవడం ఇదే మొదలు.

ఏడోసారి మెడ కదల్లేదు. నీళ్ళు సూటిగా వెళ్ళి ఓరిన్ మొహమంతా తడిపేశాయి. క్లైడ్ చప్పట్లు కొట్టాడు.

"బతికారు," అన్నాడు ఓరిన్, గుండు తుడుచుకుంటూ. "అలవాటయ్యేదాకా ఇంకోసారి చేద్దామా?"

"అక్కర్లేదు. వచ్చేసింది."

పాత టైరు మీద కూచుంది. చేతిలో డబ్బా ఇంకా ఎత్తే ఉంది. ఆయన కోసం వెనక్కి చూసే ఇరవై రెండేళ్ళ అలవాటు ఏడు పరుగుల్లో పోయింది. అంత తొందరగా పోతుందని తెలిసుంటే, కాస్త మొద్దు వేషం వేసి సాయంత్రందాకా నేర్చుకునేది.